రొయ్యల చెరువు గట్టు నుంచి వచ్చిన 1979 పద్మిని: ఏం కోశాం, ఏం మార్చాం, ఏం ముట్టుకోలేదు

నెల్లూరు జిల్లా అల్లూరు వైపు రొయ్యల చెరువులు చేసే ఒక కుటుంబానికి చెందిన 1979 మోడల్ ప్రీమియర్ పద్మిని ఇది. తాతగారు కొన్న బండి. ఆయన పోయాక చెరువు గట్టున మేత నిల్వచేసే రేకుల షెడ్డులో ఒక మూలకి తోసేశారు. ఏళ్ల తర్వాత మనవడికి దాని మీద మనసు పుట్టి, మినీ లారీ మీద ఎక్కించి కోవూరులోని మా ఇంటికి తెచ్చాడు. మా ఇంటి వెనక షెడ్డులో పాత కార్ల పని చేస్తుంటాను. లిఫ్టు లేదు, పెయింట్ బూత్ లేదు. జాకీలు, స్టాండ్లు, ఒక మిగ్ వెల్డింగ్ మిషను, కంప్రెసర్, పానాలు, అంతే. సిలిండర్ బోరింగ్, లేత్ పనులకి మాత్రం నెల్లూరు ఆటోనగర్‌కి వెళ్తాం.

ఈ బండి సంగతి పూర్తిగా రాయటానికి కారణం ఉంది. పాత కారు బాగుచేయించుకోవాలనుకునేవాళ్ళు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ఏ ఇంజన్ వేద్దాం, ఏ వీల్స్ పెడదాం? నా ఉద్దేశంలో ముందు అడగాల్సింది, పెట్టినదాన్ని రేపు విప్పేస్తే బండి కంపెనీ నుంచి వచ్చిన రూపానికి తిరిగి వస్తుందా, రాదా అని. ఈ పద్మిని పనిలో ప్రతి నిర్ణయమూ ఆ ప్రశ్న మీదే నడిచింది.

మనవడి కోరికల జాబితా పెద్దదే.

"అన్నా, ప్రీమియర్ 118 ఎన్‌ఈ కారు ఇంజన్ ఒకటి చూసిపెట్టా. అది ఎక్కించి, ఏసీ పెట్టి, గేరు కిందికి మార్చేద్దాం. కలరు మ్యాట్ బ్లాక్ కొట్టేద్దాం."

"చూద్దాం తమ్ముడూ. ముందు ఆ టార్చి తీసుకుని బండి కిందికి దూరు. పైకొచ్చాక మాట్లాడుకుందాం."

దూరాడు. కాసేపటికి లోపల్నుంచే అన్నాడు, "ఏందన్నా ఇది, ఇట్టా తినేసిందే!"

బండి వచ్చినప్పటి పరిస్థితి

పైకి చూస్తే పర్వాలేదనిపించే బండి. మామూలుగా కార్లకి తుప్పు కింద నుంచి పైకి వస్తుంది. దీనికి పై నుంచి కూడా వచ్చింది. షెడ్డులో అదే మూల బ్లీచింగ్ పౌడర్ బస్తాలు పెట్టేవాళ్ళు. చెరువు నీళ్ళు శుద్ధి చేయటానికి వాడే ఆ పౌడరు నుంచి క్లోరిన్ ఎప్పుడూ కొద్దికొద్దిగా వదులుతూనే ఉంటుంది. దానికి తోడు పగలూ రాత్రీ తిరిగే ఏరేటర్లు చిమ్మే ఉప్పునీటి తుంపర. ఇనుముకి ఇంతకంటే పగవాళ్ళు లేరు. సీలింగ్ క్లాత్ ఒక కొస పట్టుకుని లాగితే టాప్ లోపలి వైపు నుంచి ఎర్రటి పొడి దోసిట్లోకి రాలింది. డోరు అతుకులు, డ్యాష్‌బోర్డు పై అంచు, బంపర్ల క్రోమియం, అన్నిటికీ అదే గతి.

వెనక సీటు మీద మేత బస్తాలు వేసి ఉంచారు. మేత వాసనకి ఎలుకలు చేరి స్పాంజి తవ్వి గూడు కట్టాయి. వాటి మూత్రం కింద రగ్గులోకి ఇంకి, వెనక ఫ్లోరు రెండు వైపులా జల్లెడలా తయారైంది. వైరింగు కూడా సీటు కింద నుంచి డిక్కీ దాకా కొరికేశాయి.

నేను పాత బండి చూడటానికి వెళ్తే జేబులో ఒక చిన్న అయస్కాంతం ఉంటుంది, పెయింటు గీరుకుపోకుండా గుడ్డలో చుట్టి. దీనికి ఎడమ వైపు డోర్ల కింద ఉండే రన్నింగ్ బోర్డు పొడవునా పెట్టి చూస్తే ఎక్కడా పట్టుకోలేదు. గీకాం. పైన పెయింటు, దానికింద వేలి మందాన లప్పం, దానికింద ఫైబర్ గుడ్డ, దానికింద తారు షీటు. అసలు రేకు లేదు. ఎప్పుడో ఎవరో అమ్మకానికి ముస్తాబు చేసినట్టు చేసి పంపారు.

పద్మినికి విడిగా ఛాసిస్ ఉండదు. జీపుకీ లారీకీ ఉన్నట్టు కింద రెండు ఇనుప దూలాలు, పైన బాడీ అన్న లెక్క కాదు. ఫ్లోరు, రన్నింగ్ బోర్డులు, డోరు పిల్లర్లు, టాప్ అన్నీ కలిసే బరువు మోస్తాయి. రన్నింగ్ బోర్డు పోయిందంటే అందం పోవటం కాదు, బండి నడుం పోయినట్టు. అట్లాంటి బాడీలోకి ఎక్కువ పవరున్న ఇంజన్ ఎక్కించటమంటే ఏమిటో ఆ అబ్బాయికి నేను ప్రత్యేకంగా చెప్పాల్సిన పని లేకపోయింది. ఇంజన్ మాట ఆ రోజుతో పక్కకి పోయింది.

ఎందుకు అసలు రూపం వదలకూడదనుకున్నాం

ముంబై కుర్లాలోని ప్రీమియర్ ఆటోమొబైల్స్ 1964 నుంచి ఫియట్ 1100 డిని ఇక్కడ తయారుచేసింది. 1974లో దానికే పద్మిని అని పేరొచ్చింది. 1089 సీసీ ఇంజన్, 40 హార్స్ పవర్, స్టీరింగ్ పక్కనే గేరు రాడ్డు, నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులు, బరువు 900 కిలోలకి కొంచెం తక్కువ. ఈ లెక్కలన్నీ ఒకదానికొకటి సరిపోయేట్టు పెట్టినవి. 40 హార్స్ పవర్‌కి ఆ డ్రమ్ములు చాలు. ఇంజన్ మారిస్తే బ్రేకులు మార్చాలి, బ్రేకులు మారిస్తే హబ్బులు, సస్పెన్షన్, చివరికి వీల్స్. ఆ దారిలో వెళ్ళి మధ్యలో ఆగిపోయిన బండ్లు మన జిల్లాలోనే ఎన్నో షెడ్లలో పడి ఉన్నాయి. వాటిని చూస్తే నాకు బాధేస్తుంది.

చట్టం సంగతి ఇంకొకటి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేట్టు బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అది అందరికీ తెలిసినా పట్టించుకోరు. ఈ బండి విషయంలో దానికంటే పెద్ద కారణం ఒకటుంది. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బండిని వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. నంబరు ప్లేటులో రాష్ట్రం కోడ్ తర్వాత వీఏ అన్న అక్షరాలొస్తాయి. ఛాసిస్, బాడీ, ఇంజన్లలో మార్పులు చేసిన బండి దీనికి పనికిరాదు. 1979 బండికి 2029లో 50 నిండుతాయి.

అయితే వింటేజ్ నంబరు తీసుకుంటే ఆ బండిని రోజూ రోడ్డు మీద తిప్పకూడదు. ర్యాలీలు, ప్రదర్శనలు, రిపేరు, పెట్రోలు పోయించుకోవటం, ఇట్లాంటి పనులకే. కాబట్టి అది తీసుకోవాలా, మామూలు ఆర్సీని ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకుంటూ తిరగాలా అన్నది అప్పటికి వాళ్ళ ఇష్టం. నేను చెప్పింది ఒకటే: ఆ రోజు ఎంచుకునే వీలు మీ చేతిలో ఉండాలి, ఈ రోజు గ్రైండర్ పెట్టి దాన్ని కోసేసుకోవద్దు. అబ్బాయి ఒప్పుకున్నాడు. నిజానికి ఒప్పించింది నేను కాదు, వాళ్ళ నాయనమ్మ. ఆమెకి ఆ బండి ఆ రంగులోనే కావాలి.

టింకరింగ్

ఖర్చులో సగానికి పైగా, శ్రమలో అంతకంటే ఎక్కువ ఇక్కడే పోయింది. కాబట్టి దీని గురించే ఎక్కువ రాస్తాను.

తుప్పు పట్టిందని వెంటనే కోయటం మొదలుపెడితే బాడీ వంకర పోతుంది, ఆ తర్వాత ఏ డోరూ సరిగా పడదు. ముందు బండిని నాలుగు స్టాండ్ల మీద నిలబెట్టాం. బరువు రోడ్డు మీద ఉన్నప్పుడు ఎక్కడ పడుతుందో అక్కడే పడేట్టు, అంటే సస్పెన్షన్ కిందే స్టాండ్లు పెట్టాం. డోర్లు మూసి, చుట్టూ సందులు కొలిచి, ఆ కొలతలు డోరు మీదే మార్కరుతో రాసుకున్నాం. తర్వాత తాపీ మేస్త్రీలు వాడే తూకంగుండు తీసుకుని, బండి కింద రెండు వైపులా ఒకే రకం బోల్టుల దగ్గర నుంచి గచ్చు మీదికి గుండు వదిలి చుక్కలు పెట్టాం. ఆ చుక్కల మధ్య మూల నుంచి మూలకి టేపు పెట్టి చూస్తే రెండు కొలతలూ సమానంగా రావాలి. మాకు తేడా చాలా కొద్దిగానే వచ్చింది. బండి ఎక్కడా పెద్దగా గుద్దుకోలేదని అప్పుడే ధైర్యం వచ్చింది. ఆ చుక్కల్ని చెరిగిపోకుండా పెయింటుతో దిద్ది పెట్టాం, పని మధ్యలో ఎన్నిసార్లైనా గుండు వదిలి చూసుకోవచ్చని.

ఆ తర్వాత డోర్లు విప్పి, డోరు ఖాళీల్లో అడ్డంగా, ఐమూలగా చదరపు పైపులు టాక్ వేసి బిగించాం. ఒక వైపు పూర్తిగా అయ్యేదాకా రెండో వైపు ముట్టుకోలేదు. టింకర్ పని చేసే భాయ్ నెల్లూరులో పాత బస్సుల మీద పనిచేసిన మనిషి. రన్నింగ్ బోర్డు లోపలి రేకు, మధ్య బిగింపు, బయటి రేకు, మూడూ వేర్వేరుగా 18 గేజు రేకుతో చేతి మడతలతో చేశాడు. బయటిది మాత్రమే వేసి పైన లప్పం రాసి పంపేవాళ్ళే ఎక్కువ. లోపలిది వేస్తేనే బలం. రేకుకి రేకు మీద అతికించే ప్యాచ్ ఎక్కడా వేయనివ్వలేదు. ప్యాచ్ వేస్తే రెండు రేకుల మధ్య తేమ నిలిచి, రెండు వానాకాలాల్లో మళ్ళీ అక్కడే పొంగుతుంది. కుళ్ళిన చోటు మంచి రేకు కనిపించేదాకా కోసేసి, అంచుకి అంచు ఆనించి, చిన్న చిన్న చుక్కలుగా, ఒక చోట వేసి కాసేపు ఆగి ఇంకో చోట వెల్డింగ్ వేశాం. ఏకబిగిన లాగితే రేకు వేడికి అలలు తేలుతుంది.

వెల్డింగ్ అయ్యాక కనిపించని పనే అసలు పని. అతుకులన్నిటికీ సీమ్ సీలర్, రన్నింగ్ బోర్డు పెట్టె లోపలికి సన్నటి గొట్టంతో మైనం స్ప్రే, కింద నీళ్ళు కారిపోయే రంధ్రాలు మూసుకోకుండా చూసుకోవటం. మన కోస్తా గాలిలో ఈ మూడూ చేయని టింకరింగ్ మీద డబ్బు పెట్టటం దండగ.

ఛాసిస్ నంబరు పంచ్ చేసిన చోటు చుట్టూ టేపు వేసి, అక్కడ గ్రైండరు గానీ ఇసుక కాగితం గానీ తగలనివ్వలేదు. ఆ అంకెలు చదవటానికి రాకపోతే ఆర్టీఓ ఆఫీసులో బండి ఉన్నా లేనట్టే.

చిన్న సామాన్లకి, అంటే డోరు కీళ్ళు, బ్రాకెట్లు, బానెట్ కొండీ, సీటు రైళ్ళు, వీటికి కరెంటుతో తుప్పు తీశాం. ఇంట్లో ఎవరైనా చేసుకోవచ్చు. ప్లాస్టిక్ డ్రమ్ములో నీళ్ళు పోసి, లీటరుకి చెంచాడు చొప్పున బట్టల సోడా కలిపి, తుప్పు పట్టిన సామానుకి బ్యాటరీ చార్జర్ నెగెటివ్, పక్కన వేలాడదీసిన పనికిరాని ఇనుప ముక్కకి పాజిటివ్ ఇవ్వాలి. సామాను, ఇనుప ముక్క ఒకదానికొకటి తగలకూడదు. తెల్లారేసరికి తుప్పు నల్లటి మెత్తటి బురదగా మారి బ్రష్‌కి ఊడొస్తుంది, మంచి ఇనుము అట్లాగే ఉంటుంది. రెండు జాగ్రత్తలు. అందులోంచి హైడ్రోజన్ వస్తుంది కాబట్టి ఆరుబయటే చేయాలి, దగ్గర బీడీ కూడా వెలిగించకూడదు. ఇనుప ముక్క బదులు స్టీలు గిన్నె, స్టీలు చెంచా వేయకూడదు, అందులోని క్రోమియం నీళ్ళని విషం చేస్తుంది. తీసిన వెంటనే కడిగి, ఆరబెట్టి ప్రైమర్ కొట్టాలి. ఆలస్యమైతే గంటల్లోనే పసుపు రంగు తుప్పు తేలుతుంది.

మన జిల్లాలో పనికి కాలం కూడా ముఖ్యమే. మనకి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాల్లో. ఆ నెలల్లో బాడీని రేకు దాకా గీకి పెట్టుకుంటే చేతులారా తుప్పుని పిలిచినట్టే. సంక్రాంతి దాటాక రేకు పని మొదలుపెట్టి, ఎండలు ముదిరేలోపు ప్రైమర్ కప్పేయటం మంచిది. ఈ బండికి అట్లాగే చేశాం.

ఇంజన్: ఉప్పునీళ్ళు తిన్న హెడ్డు

ఇంజన్ పట్టేసి ఉంది. సుత్తితో కొట్టటం, బండిని గేరులో పెట్టి తోయటం చేయలేదు. ప్లగ్గులు తీసి, గేరు ఆయిలూ డీజిలూ కలిపి సిలిండర్లలో పోసి వదిలేశాం. రోజూ కొంచెం కొంచెం పోస్తూ, క్రాంక్ నట్టు మీద పానా పెట్టి ముందుకీ వెనక్కీ వెంట్రుకవాసి కదిలించి చూస్తూ ఉంటే, చివరికి చప్పుడు లేకుండా తిరిగింది. విప్పి చూస్తే ఒక సిలిండర్లో రింగులు ఆగిన చోట తుప్పు గీత. బోరింగ్ చేయించి మొదటి ఓవర్‌సైజు పిస్టన్లు వేశాం. అది మామూలు పనే.

మామూలు కానిది హెడ్డు, అంటే సిలిండర్ల మీద మూతలా బిగించే భాగం. ఈ ఇంజన్‌కి బ్లాకు పోత ఇనుము, హెడ్డు అల్యూమినియం. చెరువు దగ్గర బోరు నీళ్ళు ఎంత ఉప్పగా ఉంటాయో ఆ వైపు వాళ్ళకి తెలుసు. డ్రైవర్లు ఏళ్ల తరబడి ఆ నీళ్ళే రేడియేటర్లో పోశారు. రెండు రకాల లోహాలు, మధ్యలో ఉప్పునీళ్ళు ఉంటే వాటిలో ఒకటి కరుగుతుంది, ఇక్కడ అది అల్యూమినియం. హెడ్డు తిరగేసి చూస్తే నీళ్ళు పోయే రంధ్రాల అంచులు పుచ్చిపన్నులా తినేసి ఉన్నాయి. ఒక చోట ఆ గుంట దాదాపు సిలిండర్ అంచు దాకా వచ్చింది. కొత్త గాస్కెట్ వేసి బిగిస్తే కొద్ది రోజులు నడిచి, ఒక ఎండాకాలం మిట్టమధ్యాహ్నం హైవే మీద ఊదేస్తుంది.

కొత్త హెడ్డు కోసం చెన్నై పుదుపేట, విజయవాడ ఆటోనగర్ రెండూ వెతికించాం. దొరికినవి దీనికంటే గొప్పగా లేవు. అందుకే ఉన్నదాన్నే బాగుచేయించాం. గుంటల్లో మెరిసే లోహం వచ్చేదాకా గీకి, ఆర్గాన్ వెల్డింగుతో నింపించి, తర్వాత స్కిమ్మింగ్, అంటే హెడ్డు కింది ముఖం చదునుగా వచ్చేట్టు మిషను మీద గీయించటం, చేయించాం. ఆర్గాన్ వేసేముందు హెడ్డుని బాగా వేడిచేయాలి, నూనె మరక కూడా ఉండకూడదు, లేకపోతే వెల్డింగులో గాలి బుడగలు పడతాయి. స్కిమ్మింగ్ ఎంత తక్కువ గీస్తే అంత మేలు, ఎక్కువ గీస్తే కంప్రెషన్ పెరిగి ఇంజన్ కొట్టుకుంటుంది. గీసిన హెడ్డు మీద సూటి పట్టీ అడ్డంగా పెట్టి 0.05 మి.మీ. ఫీలర్ (సందు కొలిచే పలచటి రేకు) ఎక్కడా దూరకపోతేనే తీసుకున్నాం. బ్లాకు లోపల నీళ్ళ దారుల నిండా పేరుకున్న తెల్లటి గారని సన్నటి ఇనుప చువ్వతో గీకి గీకి తీశాం. వెనక సిలిండర్ వైపు గార రాయిలా గట్టిపడి ఉంది. అది ఉన్నంత కాలం రేడియేటర్ ఎంత కొత్తదైనా ఇంజన్ వేడెక్కుతుంది.

ఇంజన్ తగినంత వేడెక్కేదాకా నీళ్ళని రేడియేటర్‌కి పోనివ్వని థర్మోస్టాట్‌ని ఎవరో తీసి పారేస్తే, మళ్ళీ పెట్టాం. ఇప్పుడు రేడియేటర్లో డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ మాత్రమే. యజమాని ఇంట్లో అందరికీ ఈ ఒక్కమాట గట్టిగా చెప్పాను: దారిలో నీళ్ళు తగ్గితే బోరు నీళ్ళు పోయొద్దు, తాగే నీళ్ళ క్యాను కొని పోయండి, ఇంటికొచ్చాక అది దింపేసి మళ్ళీ కూలెంట్ పోసుకోండి.

పెట్రోలు

ఈ ఇంజన్ డిజైన్ చేసినవాళ్ళ కాలంలో లేని పెట్రోలు ఇప్పుడు బంకుల్లో పోస్తున్నారు. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు పాత బండికి రెండు రకాలుగా ఇబ్బంది. ఒకటి, పాత రబ్బరు పైపులు, పెట్రోలు పంపు డయాఫ్రమ్ మెత్తబడి పగులుతాయి. ఇంజన్ వేడి దగ్గర పెట్రోలు కారటమంటే ప్రాణాలతో ఆట. అందుకే ఇథనాల్‌కి తట్టుకునే పైపులు, వాటి మీద ఎస్‌ఏఈ జే30 ఆర్9 అని అచ్చు ఉంటుంది, అవే తెప్పించి వేశాం. పంపుకి కొత్త డయాఫ్రమ్ వేశాం. ట్యాంకు విప్పి కడిగించాం, ఎందుకంటే ఇథనాల్ ట్యాంకులో ఎన్నో ఏళ్ల నుంచి అంటుకుని ఉన్న జిగురుని వదిలించి కార్బరేటర్ జెట్లలోకి, అంటే పెట్రోలుని కొలతగా వదిలే సన్నటి రంధ్రాల్లోకి, పంపిస్తుంది.

రెండోది గాలీ పెట్రోలూ కలిసే మిక్చర్. పెట్రోలు ఒక పాలు మండటానికి బరువులో 14.7 పాళ్ళ గాలి కావాలి, ఇథనాల్‌కి 9 చాలు. అంటే పాత జెట్టుతో ఈ పెట్రోలు పోస్తే గాలి ఎక్కువై, మిక్చర్ పలచబడుతుంది. కొత్త బండ్లలో కంప్యూటర్ సర్దుకుంటుంది. కార్బరేటర్‌కి అది చేతకాదు. ప్లగ్గు తీసి చూస్తే పింగాణీ సున్నం కొట్టినట్టు తెల్లగా ఉండటం, యాక్సిలరేటర్ తొక్కగానే బండి తడబడటం, ఇంజన్ మామూలు కంటే వేడెక్కటం, ఇవన్నీ దాని గుర్తులే. మెయిన్ జెట్ ఒక్కో సైజు పెంచుతూ, ప్రతిసారీ హైవే మీద కోవూరు నుంచి కొడవలూరు దాకా నడిపి, ఆగి ప్లగ్గు రంగు చూసి, లేత ఇటుక రంగు వచ్చే దగ్గర ఆపాం. పాత జెట్టు కవర్లో పెట్టి పేరు రాసి ఉంచాం. బండిని నెలల తరబడి నిలబెట్టేట్టయితే ట్యాంకు ఖాళీ చేయమని చెప్పాను. ఇథనాల్ గాల్లో తేమ పీల్చుకుంటుంది, మన దగ్గర గాల్లో తేమకి కొదవ లేదు.

మార్చినవి

ఇప్పుడు మార్పుల సంగతి. చేసినవి కొన్నే.

అన్నిటికంటే ముఖ్యమైనది బ్రేకు మాస్టర్ సిలిండర్, అంటే పెడల్ తొక్కితే బ్రేకు ఆయిల్‌ని చక్రాల దగ్గరికి తోసేది. ఈ బండిలో ఉన్నది ఒకే సర్క్యూట్. ఎక్కడో ఒక చక్రం దగ్గర పైపు పగిలితే నాలుగు చక్రాలకీ బ్రేకు పోతుంది. దాని బదులు రెండు సర్క్యూట్లున్న సిలిండర్ పెట్టి, ముందు చక్రాలకి ఒకటి, వెనక వాటికి ఒకటి పైపులు వేరుచేశాం. పాత బోల్టు రంధ్రాలకే బిగిసేట్టు ఒక ప్లేటు చేయించాం, బాడీకి కొత్త రంధ్రం పడలేదు. ఇంట్లో ఈ పని చేసుకునేవాళ్ళకి ఒక మాట. నాలుగు చక్రాలకీ డ్రమ్ములే ఉండేట్టు తయారైన సిలిండరే తీసుకోండి. డ్రమ్ బ్రేకు లైనులో తొక్కుడు వదిలాక కూడా కొద్దిపాటి ఒత్తిడి మిగిలేట్టు ఒక వాల్వు ఉంటుంది. ముందు డిస్కులున్న బండి సిలిండర్ తెచ్చి పెడితే ముందు లైనుకి ఆ వాల్వు ఉండదు, పెడల్ మొదటి తొక్కుకి సగం దాకా పోతుంది. బోరు సైజు కూడా పాతదానికి సమానంగా ఉండాలి. పెద్దదైతే పెడల్ రాయిలా ఉంటుంది, చిన్నదైతే నేలదాకా పోతుంది. పైపులన్నీ కొత్తవి, వీల్ సిలిండర్లు కొత్తవి, డ్రమ్ములు లేత్ పట్టించి షూలు ఆ గుండ్రానికి సరిగా తాకేట్టు సానబట్టించాం. నాలుగు డ్రమ్ములూ సరిగా పనిచేస్తే ఈ బరువుకి, ఈ వేగానికి చక్కగా సరిపోతాయి.

తర్వాతది కరెంటు. బ్యాటరీని చార్జ్ చేసే డైనమో తీసి మారుతి 800 ఆల్టర్నేటర్ వేశాం. డైనమో ఐడ్లింగులో దాదాపు ఏమీ ఇవ్వదు. ట్రంకు రోడ్డు ట్రాఫిక్‌లో లైట్లు, ఫ్యాను వేసుకుని నిలబడితే బ్యాటరీ దిగిపోతుంది. హెడ్‌లైట్లకి రిలేలు పెట్టాం, అంటే బ్యాటరీ నుంచి కరెంటు నేరుగా లైటుకి వెళ్ళేట్టు చేసే చిన్న ఎలక్ట్రిక్ స్విచ్చిలు. అంతకుముందు బ్యాటరీ దగ్గర 12.4 వోల్టులుంటే లైటు దగ్గర పదిన్నరే వచ్చేది. మిగతాది పాత స్విచ్చి, సన్నటి వైర్లు తినేసేవి. వోల్టేజి అంత తగ్గితే వెలుగు సగానికి సగం పడిపోతుంది. చాలామంది ఇక్కడ ఎక్కువ వాట్ల బల్బులు వేసి స్విచ్చి కాల్చుకుంటారు. రిలే పెడితే అదే బల్బు తెల్లగా వెలుగుతుంది, స్విచ్చి చల్లగా ఉంటుంది. పాత రెగ్యులేటర్ డబ్బా ఉన్నచోటే ఉంచేశాం, దాని వైర్లు మాత్రం పక్కకి తప్పించాం. రేడియేటర్ ముందు చిన్న ఎలక్ట్రిక్ ఫ్యాను, వేడెక్కితేనే తిరిగేట్టు స్విచ్చి. నెల్లూరు మే నెల ఎండలో అది విలాసం కాదు, అవసరం.

విప్పటానికి వీల్లేకుండా చేసిన మార్పు ఒకే ఒక్కటి, సీటు బెల్టులు. ఈ బండిలో అవి లేవు. డోరు పిల్లర్ లోపల 3 మి.మీ. ప్లేటుకి 7/16 అంగుళాల యూఎన్‌ఎఫ్ నట్టు వెల్డింగ్ చేసి, ఆ ప్లేటుని పిల్లర్ లోపలి రేకుకి వెల్డ్ చేశాం. బయటికి ఒక చిన్న రంధ్రం తప్ప ఏమీ కనపడదు. రేకుకి నేరుగా బోల్టు వేసి బెల్టు తగిలిస్తే, గుద్దుకున్నప్పుడు బోల్టు రేకుని చింపుకుని వచ్చేస్తుంది. మనుషుల ప్రాణం దగ్గర అసలు రూపం అన్న పట్టింపు నాకు లేదు, ఉండకూడదు కూడా.

ఏసీ పెట్టలేదు. 40 హార్స్ పవర్లోంచి కంప్రెసర్‌కి ఇచ్చాక ఆత్మకూరు వైపు ఎత్తుల్లో బండి ఈడుస్తుంది, ఇంజన్ వేడెక్కుతుంది. దాని బదులు టాప్ లోపల, ఇంజన్ వెనక గోడకి వేడి ఆపే షీటు అంటించి, ముందు తలుపులకుండే చిన్న తిరుగుడు అద్దాలకి కొత్త రబ్బర్లు, పిన్నులు వేసి బాగుచేశాం. ఆ అద్దాన్ని పూర్తిగా వెనక్కి తిప్పితే గాలి నేరుగా ఛాతీ మీదికి వస్తుంది. తుప్పు పట్టి కదలకుండా పోవటం వల్ల ఈ కాలం వాళ్ళకి దాని విలువ తెలియట్లేదు. గేరు రాడ్డు స్టీరింగ్ పక్కనే ఉంది. అరిగిపోయిన బుష్‌లు మార్చేసరికి గేర్లు ఎక్కడెక్కడ ఉన్నాయో చేతికి స్పష్టంగా తెలుస్తున్నాయి. ఫ్లోరు కోయాల్సిన అవసరం ఎవరికీ కనపడలేదు. రిమ్ములు పాతవే, రేడియల్ టైర్లు ట్యూబులతో.

రంగు వాళ్ళ నాయనమ్మ చెప్పినట్టే. డ్యాష్‌బోర్డు విప్పితే వెనక ఎండ తగలని చోట కంపెనీ వేసిన లేత నీలం దొరికింది, ఆ ముక్క చూపించి కలిపించాం. ఆర్సీలో రంగు మార్చాల్సిన పనే రాలేదు. పెయింటు తెల్లవారుజామున, దుమ్ము లేవకముందే, షెడ్డు నేల తడిపి కొట్టాం.

ఇప్పుడు

ఆర్సీ రెన్యువల్‌కి ఫారం 25తో వెళ్ళారు. బండి చూసి, ఛాసిస్ నంబరు పెన్సిల్ అచ్చు తీసుకుని, బ్రేకులూ లైట్లూ పరీక్షించారు. అక్కడ ఏ ఇబ్బందీ రాలేదు. తర్వాత నెల్లూరు నుంచి ఒంగోలు దాకా హైవే మీద వెళ్ళొచ్చారు. గంటకి 60, 70 మధ్య హాయిగా నడిచింది. టెంపరేచర్ ముల్లు సగం దాటలేదు. మనవడు ఇప్పుడు ఇంజన్ మార్పిడి మాట ఎత్తటం లేదు. మొదటి గేరుకి సింక్రో (గేరు పడేముందు పళ్ళ చక్రాల వేగాలు కలిపే ఏర్పాటు) లేదు కాబట్టి బండి పూర్తిగా ఆగాకే వేయాలన్నది మాత్రం ఇంకా అలవాటవుతోంది.

విప్పిన డైనమో, మాస్టర్ సిలిండర్, జెట్టు, ఫ్యాను బెల్టు, పాత వైరింగు ముక్కలు అన్నీ నూనె రాసి, పేరు చీటీలు కట్టి, ఒక ట్రంకు పెట్టెలో వాళ్ళింటికి పంపాం. 2023 అక్టోబరుతో ముంబైలో పద్మిని టాక్సీల కాలం ముగిసింది. టాక్సీలు తిరిగినంత కాలం తయారైన సామాన్లు ఇక అంత తేలిగ్గా దొరకవు. అట్లాంటి పెట్టె పాత బండి ఉన్న ప్రతి ఇంట్లోనూ ఉండాలి.

ఇంకా మిగిలిన పనులు రెండున్నాయి. వెనక కమాను కట్టల్లో ఎడమది కాస్త కుంగింది. అదే వైపు ఇరుసు ఆయిల్ సీలు దగ్గర కొద్దిగా చెమ్మ కనిపిస్తోంది. ఆ ఆయిల్ బ్రేకు షూల మీదికి పోతే ఆ చక్రానికి బ్రేకు పట్టదు. అందుకే వానలు మొదలయ్యేలోపు బండిని మళ్ళీ తెమ్మన్నాను, రెండూ ఒకేసారి విప్పి చేసేస్తాం.